రోజుకు ఎన్ని అని అడిగితే మూడు అన్నాను: ఊడిపోయిన నా ఇంప్లాంటు అనుభవం

నా కింది దవడలో ఎడమ పక్కన ఇప్పుడున్నది రెండో ఇంప్లాంటు. ఇంప్లాంటు అంటే పోయిన పంటి వేరుకి బదులు దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, దాని మీద క్యాప్ పెడతారు. మొదటిది ఏడు వారాలకే చేతిలోకి వచ్చేసింది. అది ఎందుకు ఊడిందో, రెండోది ఎలా నిలిచిందో నాకు తెలిసినంత వరకు దాచకుండా రాస్తున్నాను. సిగరెట్ అలవాటు ఉండి ఇంప్లాంటు పెట్టించుకోబోయేవాళ్లకి ఇవి ముందే తెలిస్తే డబ్బు, నెలల తరబడి కాలం, నొప్పి కొంతైనా మిగులుతాయి. నాకు మిగల్లేదు.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ చూస్తాను. వయసు 46. ఇరవై రెండో ఏట మొదలైంది సిగరెట్. లోడింగ్ దగ్గర నిలబడితే ఒకటి, టీ తాగితే ఒకటి, భోజనం అయ్యాక ఒకటి, డ్రైవర్ ఫోన్ ఎత్తకపోతే టెన్షన్‌లో వరసగా రెండు. నిజంగా లెక్కేస్తే రోజుకు ప్యాకెట్టున్నర, అంటే పదిహేను. కానీ ఆ లెక్క నేనెప్పుడూ పైకి చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఆ చోట ఉండిన నా సొంత పంటికి పదేళ్ల కిందట రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించాను. 2022 ఆగస్టులో ఒక ఆదివారం మాంసం తింటూ ఎముక కొరికితే టక్కుమని చప్పుడైంది. ఎక్స్‌రేలో వేరు నిలువునా చీలి ఉంది, తీసేయడం తప్ప దారి లేదన్నారు. తీయించుకుని, దూది కరిచిపెట్టుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం ఏడింటికి మేడ మీదికెళ్లి సిగరెట్ వెలిగించాను. మూడో రోజు తెల్లవారుజామున నొప్పి మొదలైంది. పీకిన చోట మొదలై చెవి లోపలి దాకా, కణత దాకా లాగే నొప్పి, మాత్రకి లొంగలేదు. పన్ను తీసిన గుంతలో గడ్డకట్టిన రక్తమే లోపలి ఎముకకి కప్పు. పొగ పీల్చేటప్పుడు నోట్లో పుట్టే లాగుడు వల్లా, పొగలో ఉండే పదార్థాల వల్లా ఆ గడ్డ నిలవకపోతే ఎముక గాలికి బయటపడుతుంది. డ్రై సాకెట్ అంటారు దాన్ని. డాక్టరు గుంత కడిగి లవంగ నూనె వాసన వచ్చే మందు పెట్టాక గానీ రాత్రి నిద్ర పట్టలేదు. నా నోరు సిగరెట్‌తో ఎలా ఉంటుందో అప్పుడే తెలియాల్సింది. పది రోజులకి నొప్పి పోయింది, దాంతోపాటు ఆ సంగతీ మరిచిపోయాను.

2023 జనవరిలో ఒక క్లినిక్‌లో ఇంప్లాంటు పెట్టించుకున్నాను. ముందు ఒక ఫారం ఇచ్చారు. షుగరుందా, బీపీ ఉందా, పొగ తాగుతారా, అవును కాదు అని గళ్లు. పొగ దగ్గర అవును అని టిక్కు పెట్టాను. ఫారం తీసుకున్న అమ్మాయి "రోజుకి ఎన్ని సార్?" అంది. "మూడు" అన్నాను. ఆ అమ్మాయి "కొంచెం తగ్గించండి సార్" అని ఫైల్లో పెట్టేసింది. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను అబద్ధం చెప్పిన మాట నిజమే, ఆ తప్పు నాదే. కానీ డాక్టరు ఎదురుగా కూర్చుని ఒక్క ఐదు నిమిషాలు, ఇది నిలవకపోవడానికి సిగరెట్ ఎలా కారణమవుతుందో చెప్పి ఉంటే నేను ఆ రోజు మూడు అనేవాడినా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఉన్న రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో సిగరెట్ గురించి ఒక వాక్యం ఉందని చాలా కాలం తర్వాత చదివి తెలుసుకున్నాను.

సర్జరీ నలభై నిమిషాలు. మత్తు ఇంజెక్షన్ తప్ప నొప్పే లేదు. డ్రిల్లుతో పాటు చల్లటి నీళ్లు పడుతున్నట్టు తెలుస్తోంది, అంతే. వాపు రెండు రోజులకి దిగింది. నాలుగు రోజులు సిగరెట్ ముట్టలేదు. ఐదో రోజు ఒకటి. ఆ వారమంతా నిజంగానే రోజుకు మూడు, ఫారంలో చెప్పిన మాట నిలబెట్టుకున్నట్టు కూడా అనుకున్నాను. మూడో వారం వచ్చేసరికి మళ్లీ పదిహేను. నొప్పి లేదు, రక్తం లేదు, చిగురు మూసుకుపోయి కనిపిస్తోంది, ఇంకేం భయం అనుకున్నాను.

ఆ మూడో వారం గురించి నాకు తర్వాత తెలిసింది. స్క్రూని ఎముకలో బిగించిన రోజున అది గట్టిగానే ఉంటుంది. చెక్కలో మరమేకు బిగిసినట్టు, పాత ఎముక దాన్ని పట్టి ఉంచుతుంది. తర్వాత శరీరం డ్రిల్లు తగిలిన పాత ఎముకని కొద్దికొద్దిగా తొలగించి, ఆ చోట కొత్త ఎముక కట్టడం మొదలుపెడుతుంది. పాత పట్టు తగ్గిపోయి, కొత్త పట్టు ఇంకా రాని రోజులు మధ్యలో కొన్ని ఉంటాయి, సుమారుగా రెండో వారం నుంచి నాలుగో వారం దాకా. ఇంప్లాంటు అన్నిటికంటే బలహీనంగా ఉండేది అప్పుడే. పైకి ఏమీ తెలియదు. కొత్త ఎముక కట్టాలంటే రక్తం చేరాలి, రక్తంతో ప్రాణవాయువు చేరాలి. నేను సరిగ్గా ఆ రోజుల్లోనే పాత లెక్కకి వచ్చేశాను.

ఆరో వారంలో నాలుకతో తడిమితే చిగురు కింద ఏదో కదిలినట్టు అనిపించింది. ఏడో వారం క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు చిగురు కొంచెం తెరిచి పైమూత తిప్పబోతే మొత్తం ఇంప్లాంటే దానితో పాటు తిరిగింది. ఆయన ముఖం చూశాను, మాట రాలేదు ఆయనకి. రెండు వేళ్లతో బయటికి తీసేశారు. నొప్పి కూడా లేదు. స్టీలు ట్రేలో పెడితే చిన్న చప్పుడైంది. పది మిల్లీమీటర్ల పొడవు, పెన్ను రీఫిల్ కంటే కాస్త లావు, బూడిద రంగు. దాని మరల మధ్య ఎముక ఉండాలి కదా, పిసరంత కూడా లేదు. మరలన్నీ కొత్త స్క్రూలాగే ఉన్నాయి, వాటి చుట్టూ పలచటి ఎర్రటి జిగురు పొర మాత్రం అంటుకుని ఉంది. ఎముక కట్టాల్సిన చోట మెత్తటి కండ పెరిగింది. అడిగితే కడిగి జిప్ కవర్లో వేసి ఇచ్చారు, ఇప్పటికీ ఆఫీసు సొరుగులో ఉంది.

"మీ బాడీ రిజెక్ట్ చేసిందండి" అన్నారు. ఆ మాట పట్టుకుని రెండు నెలలు తిరిగాను. నా ఒంటికి ఇనుము పడదు, టైటానియం పడదు, ఇక పళ్ల సెట్టో, పక్క పళ్ల ఆసరాతో కట్టే బ్రిడ్జో పెట్టించుకోవాలి అని ఇంట్లో, ఆఫీసులో అందరికీ అదే చెప్పాను.

మా ఆవిడే వేరే డాక్టరుకి చూపిద్దామని పట్టుబట్టింది. ఈసారి చిగుళ్ల స్పెషలిస్టు, ఒక డాక్టరమ్మ. ఆమె ముందు ఎక్స్‌రే అడగలేదు. "రోజుకి ఎన్ని తాగుతారు?" అన్నారు. "ఐదారండి" అన్నాను. పక్కనే కూర్చున్న మా ఆవిడ "అబద్ధం ఎందుకండీ, ప్యాకెట్టున్నర" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు, ఫైల్లో ఎడమ పక్కన తారీఖు వేసి ఎదురుగా 15 అని రాశారు. "ఈ నంబరు నాకు తిట్టడానికి కాదండీ, ఎముక ఎన్నాళ్లకి కడుతుందో లెక్క వేసుకోవడానికి. మీరు తగ్గించి చెబితే నా లెక్క తప్పుతుంది, నష్టం మీ దవడకి" అన్నారు.

తర్వాత నోరంతా చూశారు. అద్దం పెట్టి నా అంగిలి నాకే చూపించారు. తెల్లగా పాలిపోయి, వెనక వైపు సూది మొనంత ఎర్రటి చుక్కలు. పొగ వేడికి అలా అవుతుందన్నారు. నాకు చటుక్కున మా మామ్మ గుర్తొచ్చింది. మాది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు పక్క ఊరు. మా మామ్మ అడ్డపొగ తాగేది, చుట్ట అంటించి ఆ నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని. మా వైపు ఆడవాళ్లలో అది పాత అలవాటు. చిన్నప్పుడు ఆవిడ నోరు తెరిచి నవ్వితే అంగిలి తెల్లగా, పగిలినట్టు కనపడేది. అది ముసలితనం వల్ల అనుకునేవాడిని. అడ్డపొగ అంగిలి క్యాన్సర్ దాకా తీసుకెళ్తుందని డాక్టరమ్మ చెప్పారు, మా ఉత్తరాంధ్ర తీరంలో దీనిమీద పరిశోధనలు కూడా జరిగాయన్నారు. కుర్చీలో పడుకుని ఆ అద్దంలో నా అంగిలి చూస్తుంటే గుండె జారిపోయింది.

రిజెక్ట్ అన్న మాటకి ఆమె తల అడ్డంగా ఊపారు. మార్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టినట్టు టైటానియాన్ని తిప్పికొట్టడం ఉండదు, అది చాలా చాలా అరుదు అన్నారు. ఎముక టైటానియాన్ని తనలో కలిపేసుకుంటుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు 1950లలో కుందేలు ఎముక మీద పని చేస్తూ గమనించాడట. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టాడు, ఆ మనిషికి అవి నలభై ఏళ్ల పైనే, చనిపోయే దాకా ఉన్నాయి. "ఎముక తన పని తాను చేస్తుంది, మనం దాన్ని చేయనివ్వాలి" అన్నారు.

సిగరెట్ ఏం చేస్తుందో ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. నికోటిన్ సన్న రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది. చిగుళ్లలో, దవడలో ఉండేవన్నీ సన్నవే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన సీట్లో తాను కూర్చుంటుంది, దాని పట్టు ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లు పైనే ఎక్కువ. అంటే వెళ్లే రక్తం తక్కువ, వెళ్లిన రక్తంలో సరుకు తక్కువ. ఎముక కట్టే కణాలు మందగిస్తాయి, సూక్ష్మజీవుల్ని ఎదుర్కొనే తెల్ల కణాలు మందగిస్తాయి. పై దవడలో ఎముక గుల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. నాది కింది దవడ, అయినా ఊడింది.

తర్వాత చిగుళ్లలోకి సన్నటి కొలత పుల్ల పెట్టి చూశారు. ఒక్కచోట కూడా రక్తం రాలేదు. నేను సంతోషంగా "చిగుళ్లు గట్టివే కదండీ" అన్నాను. అదే ప్రమాదం అన్నారు. చిగుళ్ల జబ్బు వస్తే మామూలు మనిషికి బ్రష్ చేసేటప్పుడు రక్తం వచ్చి తెలుస్తుంది. పొగ తాగేవాళ్లకి రక్తనాళాలు ముడుచుకుని ఉండటం వల్ల ఆ గుర్తు బయటికి రాదు, లోపల ఎముక తరిగిపోతున్నా చిగురు పైకి లేతరంగులో, గట్టిగా, బాగానే కనిపిస్తుంది. ఇరవై నాలుగేళ్లుగా నా నోట్లో అలారం తీగ తెగి ఉందన్నమాట. ఇంప్లాంటు ఊడిన చోట సీటీ స్కాన్ తీస్తే దవడ బయటి గోడ కూడా పలచబడింది. ఎముక పొడి వేసి కట్టాలి, అదనపు ఖర్చు.

ఇంటికొచ్చి నేనూ కొంత చదివాను. 1993లో బెయిన్, మోయ్ అనే ఇద్దరు డాక్టర్లు 2,194 ఇంప్లాంట్లు పరిశీలించారు. పొగ తాగేవాళ్లలో 11.28 శాతం ఫెయిలయ్యాయి, తాగనివాళ్లలో 4.76 శాతం. ఇప్పటి ఇంప్లాంట్ల పైపూత అప్పటికంటే మెరుగే, కానీ తాగేవాళ్లకి తాగనివాళ్లకి మధ్య తేడా మాత్రం పోలేదు. ఈ అంకెని నేను రెండు రకాలుగా చదివాను. తాగేవాళ్లలో కూడా వందకి ఎనభై ఎనిమిది ఇంప్లాంట్లకి పైనే నిలిచాయి కదా అని మొదట ధైర్యం వచ్చింది. నా సొరుగులో ఉన్న జిప్ కవరు గుర్తొచ్చి ఆ ధైర్యం పోయింది. ఊడినవాడికి అది నూటికి నూరు.

ఆ తర్వాత బెయిన్ చెప్పిన పద్ధతిలో సర్జరీకి ముందు కనీసం ఒక వారం, తర్వాత కనీసం ఎనిమిది వారాలు పూర్తిగా మానాలి. డాక్టరమ్మ నాకు ముందు ఒక్క వారం ఒప్పుకోలేదు, ఆరు వారాలు అన్నారు. ఒక్క వారంలో మానినవాడు సర్జరీ టెన్షన్‌కి మళ్లీ ముట్టుకుంటాడు, ముందే అలవాటు తప్పాలి అన్నారు. ఆమె చెప్పింది సరైనదని మానిన మొదటి పది రోజుల్లోనే తెలిసింది.

2023 జూన్ 19, సోమవారం. ముందు రోజు రాత్రి ప్యాకెట్టు మీద ఉన్న 1800-11-2356 నంబరుకి ఫోన్ చేసి ఉన్నాను. తెలుగులోనే మాట్లాడారు, ఏ వేళకి ఎక్కువ తాగాలనిపిస్తుంది, ఎవరితో ఉన్నప్పుడు అనిపిస్తుంది అని అడిగి, తారీఖు పెట్టించి, తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్లు చేశారు. ఖర్చేమీ లేదు. నికోటిన్ గమ్ కూడా వాడాను, డాక్టరమ్మకి చెప్పే వాడాను. నమిలేయకూడదు, నెమ్మదిగా నమిలి కారం తగలగానే దవడ పక్కన పెట్టి ఉంచాలి. గమ్‌లోనూ నికోటిన్ ఉంది కాబట్టి సర్జరీ నాటికి అదీ మానెయ్యాలి, కానీ పొగతో పోలిస్తే అది ఎంతో నయం అన్నారు. రెండో వారం నరకం. చేతులకి ఏం చేయాలో తెలిసేది కాదు. టీ కొట్టు దగ్గరికి వెళ్లడమే మానేశాను, మధ్యాహ్నం భోజనం కాగానే లేచి యార్డు చుట్టూ రెండు రౌండ్లు నడిచేవాడిని. మా పిల్ల క్యాలెండర్ మీద రోజూ రాత్రి టిక్కు పెట్టేది. నాకు మందు కంటే ఆ టిక్కే ఎక్కువ పని చేసింది.

నాలుగో వారంలో ఒక పొద్దున బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా ఉంది. నా జీవితంలో చిగుళ్ల నుంచి రక్తం రావడం అదే మొదటిసారి. భయంతో ఫోన్ చేశాను. డాక్టరమ్మ గొంతులో సంతోషం వినపడింది. "రక్తం తిరిగి వస్తోందండీ, రండి, క్లీనింగ్ చేద్దాం" అన్నారు. రెండుసార్లు లోతుగా క్లీనింగ్ చేశాక ఆగిపోయింది.

ఆగస్టు 3న రెండో ఇంప్లాంటు, పక్కన ఎముక పొడి, పైన పొర, కుట్లు. బిగించేటప్పుడు, ఎంత గట్టిగా బిగిసిందో కొలిచే రెంచి మీద 35 అంకె చూపించి "పట్టు బాగుంది" అన్నారు, నేను ఆ మాట నమ్మి సంబరపడలేదు, మూడో వారం సంగతి నాకిప్పుడు తెలుసు. రెండు వారాలు మెత్తటి అన్నం, పెరుగు, ఆ పక్క నమలడం లేదు.

ఐదో వారంలో మా పెదమామ గారు పోయారు. శ్మశానం నుంచి వచ్చాక రాత్రి అందరూ అరుగు మీద కూర్చుంటే ఎవరో ప్యాకెట్టు చాచారు. తీసుకున్నాను. రెండు. ఆ రాత్రి నిద్ర లేదు, నాలుకతో ఆ చోటే తడుముకుంటూ పడుకున్నాను. పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. దాచుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ ఫైల్లో 15 పక్కన సున్నాలు వరసగా పడుతున్నాయి, అందులో ఒక్క అబద్ధం పడితే మిగతా సున్నాలకి విలువ ఉండదనిపించింది. ఆమె రమ్మని చూసి, "చెప్పారు కదా, చాలు, ఈ రోజు నుంచి మళ్లీ సున్నా" అని ఆ తారీఖుకి ఎదురుగా 2 అని రాశారు.

డిసెంబర్‌లో చిగురు తెరిచారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పైమూత తిప్పితే మూత ఒక్కటే వచ్చింది, ఇంప్లాంటు కదల్లేదు. పుల్లతో తట్టి నాకు వినిపించారు, గట్టి లోహపు శబ్దం, దవడ అంతా మోగినట్టు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. 2024 జనవరిలో జిర్కోనియా క్యాప్ పెట్టారు. రెండిటికీ కలిపి నాకైన ఖర్చు 71 వేలు, మొదటిది నిలిచి ఉంటే 28 వేలతో పోయేది.

పని అయిపోయింది కాబట్టి ఇక తాగొచ్చు అనుకునేవాళ్లు మా యార్డులోనే ఇద్దరున్నారు, వాళ్లకి ఇది చెబుతున్నాను. సొంత పంటికీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఒకటి ఉంటుంది, ఒత్తిడి పడితే దానికి తెలుస్తుంది. ఇంప్లాంటుకి ఆ పొర లేదు. చుట్టూ ఇన్ఫెక్షన్ పట్టి ఎముక తినేస్తున్నా చాలా దూరం వచ్చేదాకా నొప్పి రాదు. పెరిఇంప్లాంటైటిస్ అంటారు, పొగ తాగేవాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఎముకలో కలిసిపోయిన ఇంప్లాంటు కూడా ఐదేళ్లకో పదేళ్లకో అలా పోవచ్చు. అందుకే ఆరు నెలలకోసారి వెళ్లి చూపించుకుంటున్నాను, ఆ పన్నుకీ పక్క పన్నుకీ మధ్య సన్న బ్రష్ రోజూ వాడుతున్నాను.

మొన్న వెళ్లినప్పుడు ఎక్స్‌రేలో ఎముక మొదటి మర దాకా నిండుగా ఉంది. అంగిలి కూడా అద్దంలో చూపించారు, గులాబీ రంగుకి వచ్చింది, చుక్కలు పోయాయి. మా ఆవిడ ఈసారి రాలేదు, నేనొక్కడినే. డాక్టరమ్మ ఫైలు తెరిచి, పెన్ను తీసి, ఎప్పట్లాగే "రోజుకి ఎన్ని?" అని అడిగారు. "ఏమీ లేదండి" అన్నాను. తారీఖు వేసి, ఎదురుగా సున్నా చుట్టారు.